ఎడమ చేతి మీద సూది గుర్తు

ఎడమ భుజానికి కాస్త కింద, ఆవగింజంత ఎర్రటి చుక్క.

నంద్యాల ఆసుపత్రి మార్చురీలో అందరూ ఆ చుక్కనే చూస్తున్నారు. శవపంచనామాకు వచ్చిన పెద్దమనుషులు చూశారు. తహసీల్దారు కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశాడు. ఫొటోగ్రాఫర్ దాని పక్కన స్కేలు పెట్టి, వంగి, మళ్లీ మళ్లీ ఫొటోలు తీశాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గీతాంజలి కూడా చూసింది. తర్వాత అమ్మాయి ముఖం చూసింది. రెప్పలు సగం వాలి ఉన్నాయి. నిద్ర చాలకుండానే బడికి బయల్దేరిన పిల్లలా ఉంది.

పేరు ఏంజెల్. వయసు పదహారు. పదో తరగతి. ఊరు నక్కలవాగుపల్లె. ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు పోతే కొండ మొదట్లో ఉంటుంది. నిన్న పగలు పదకొండింటికి బడిలో టీడీ టీకా వేయించుకుంది. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా ఆ ఈడు పిల్లలందరికీ వేసేదే. ఈ రోజు తెల్లవారి ఆరున్నరకు, ఆటోలో ఆళ్లగడ్డకు తెస్తుంటే దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

"ఫిర్యాదు ఎవరిచ్చారు?"

"పిల్ల నాయన మేడమ్. ఎలీషా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రమేశ్. "టీకా వేసిన నర్సమ్మ మీద. ఏఎన్ఎం రూతు."

"ఇద్దరికీ పాత గొడవలేమన్నా ఉన్నాయా?"

రమేశ్ గొంతు తగ్గించాడు. "రూతు ఎలీషాకు సొంతక్క మేడమ్. ఈ పిల్లకు మేనత్త."

గీతాంజలి గుడ్డ పైకి లాగి ముఖం తనే కప్పింది.

బయటికి వచ్చేసరికి ఎస్పీ ఫోన్. నక్కలవాగుపల్లెలో సబ్‌సెంటర్ మీద రాళ్లు పడ్డాయి. టీకాల డబ్బా పగలగొట్టారు. చుట్టుపక్కల ఊళ్లలో రేపు పసిపిల్లలకు టీకాలు వేసే రోజు. ఒక్క తల్లి కూడా వస్తాననడం లేదు.

"టీకా వల్లయితే అవునని చెప్పు. కాకపోతే కాదని చెప్పు. నాకు ఊహలు వద్దు," అన్నాడు ఎస్పీ.

*

రూతును ఆళ్లగడ్డ స్టేషన్‌లో ఆడవాళ్ల గదిలో కూర్చోబెట్టారు. అరెస్టు కాదు. బయటికి పంపితే జనం ఊరుకోరని.

నలభై అయిదేళ్ల మనిషి. నిన్నటి యూనిఫాం చీరలోనే ఉంది. ముందు పెట్టిన టీ మీగడ కట్టింది.

గీతాంజలి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎంతమందికి వేసినావు రూతమ్మా?"

"ముప్పై ఎనిమిది మందికి."

"ఏంజెల్ ఎన్నోది?"

"మొదటిది. మిగతా పిల్లోళ్లు భయపడతాండ్రి. మా అత్తే కదా వేసేది, ముందు నాకు వెయ్యనీ అని అదే వచ్చి కూర్చుండె."

"ఒక సీసాలో ఎంతమందికి వస్తుంది?"

"పది మందికి."

"మిగతా తొమ్మిది మంది?"

"బాగుండారు. చెయ్యి నొప్పి అంటాండారు. ఒక పిల్లకు కొంచెం జరమొచ్చి తగ్గిపాయె."

"వేసినాక అరగంట కూర్చోబెట్టినావా?"

"కూర్చోబెట్టినా. ఒక పిల్ల సూదికి భయపడి కండ్లు తిరిగి పడింది. ఏంజెలే దాన్ని పండబెట్టి కాళ్లెత్తి పట్టుకునె."

"తెల్లవారి నీకు ఫోన్ వచ్చిందా?"

రూతు చేతులు ఒళ్లోకి తీసుకుంది. "వచ్చె. మా తమ్ముడు చేసె."

"ఏం చెప్పినాడు?"

"కడుపునొప్పి అంటాంది, వాంతి చేసుకుంది అని."

"నువ్వేమన్నావు?"

"టీకాకు ఒక దినం రెండు దినాలు అట్లే ఉంటాది, మాత్ర ఏయండి, పొద్దున వస్తా అంటి."

"జ్వరముందా అని అడిగినావా?"

రూతు తల ఎత్తింది.

"అడగలే."

గీతాంజలి లేవబోతుంటే రూతు అంది. "నన్ను ఈడే పెట్టండి మేడమ్. ఇంటికి పంపొద్దు."

"రాళ్లకు భయపడతాండావా?"

"మా యమ్మ తమ్ముని ఇంట్లోనే ఉంటాది. ఆమె ముఖం నేను చూల్లేను."

*

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ప్రేమ్ సాగర్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"టీకా వల్ల మనిషి చనిపోతాడా డాక్టర్?"

"చాలా చాలా అరుదు. లక్షల్లో ఒకరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. దానికి ఒక తీరుంది. ఎక్కువగా సూది వేసిన కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ముఖం వాచడం, గొంతు బిగుసుకోవడం, బీపీ పడిపోవడం. అరగంట కూర్చోబెట్టేది అందుకే. అప్పుడే కనిపెడితే మందుంది."

"ఈ అమ్మాయికి?"

"గొంతులో వాపు లేదు. ఒంటి మీద దద్దు లేదు. మధ్యాహ్నం, సాయంత్రం బాగానే ఉందంటున్నారు. ఆ తీరు కాదిది."

"మామూలుగా వచ్చేవేంటి?"

"సూది వేసిన చోట నొప్పి, వాపు. ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు. మాత్రతో, విశ్రాంతితో పోతాయి."

"పోకపోతే?"

"పోకపోయినా, ఆయాసం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, మింగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. టీకా వల్లా ఇంకోదాని వల్లా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. తేల్చడం మా పని."

"మరి ఎందుకు చనిపోయింది?"

కిటికీ అవతల వాన పట్టి కురుస్తోంది. ఆగస్టు నెల.

"ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేశాయి. ఎందుకు మానేశాయో శవాన్ని కోసినా తెలియలేదు. రక్తం తీసి ఉంచాను. కానీ ఏం వెతకాలో తెలియకుండా ల్యాబ్‌కు ఏమని రాయను? ఆ పిల్ల ప్రాణంతో ఉన్న చివరి రెండు మూడు గంటలు ఎలా ఉందో కనుక్కుని చెప్పండి మేడమ్."

*

మరుసటి రోజు పొద్దున అంత్యక్రియలు జరిగాయి. పాస్టరు ప్రార్థన చదివాడు. రూతు రాలేదు. రానివ్వలేదు.

సమాధుల దొడ్డి నుంచి ఇంటికి వచ్చిన ఎలీషా వాకిట్లో కూలబడ్డాడు. గీతాంజలి అతని పక్కనే అరుగు మీద కూర్చుంది. రమేశ్ చేతిలో ఫోన్ కంపెనీ పంపిన వివరాలున్నాయి. అందులో ఒక చిక్కుంది.

"ఎలీషా, ఆ పొద్దు మీ అక్కకు ఫోన్ చేసినానన్నావు. నీ ఫోన్ నుంచి కాల్ పోలేదే?"

"నా ఫోన్ కాదు మేడమ్. పాపది. వాట్సాప్‌లో చేసినా. చీకట్లో యాడ నొక్కితినో ఏమో, మనిషి బొమ్మ కనపడె."

"వీడియో కాల్?"

"అదే."

"ఏంజెల్ ఎప్పుడు లేచింది?"

"నాలుగు కాలేదు. కడుపు నొస్తాందని లేచె. వాంతి చేసుకునె. టీకా వల్లేమో అనుకుంటిమి."

"ఎవరన్నారు ఆ మాట?"

ఎలీషా ఆలోచించాడు. "ఎవురూ అనలే. అందరం అనుకుంటిమి."

"ఒళ్లు కాలుతుండెనా?"

"లేదు. చల్లగానే ఉండె."

"మీ అక్క ఏమంది?"

"మాత్రేసి పండబెట్టు అనె. పాప అత్తతో మాట్లాడతానంటే ఫోన్ దాని చేతికిచ్చి నేను రామాంజనేయులు డాక్టర్ దగ్గరికి ఉరికితి, మాత్ర కోసం. టీకా మాకిష్టం లేదు మేడమ్. ఎందుకులే అంటి. నామీద నమ్మకం లేదా ఎలీషా అనె మా యక్క. నమ్మితి."

లోపల చీకటిగా ఉంది. నేలంతా నాపరాళ్లు. ఒక మూల శనగ బస్తాలు గోడకు ఆనించి పేర్చారు. వాటి పక్కన చాప మీద ఏంజెల్ తల్లి కల్పన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సమాధి దగ్గరి నుంచి వచ్చి అక్కడే పడిపోయింది.

"నిన్నటి నుంచి మాటే లేదు తల్లీ," అంది ముసలామె. బాలమ్మ. రూతుకూ ఎలీషాకూ కన్నతల్లి. "మెతుకు ముట్టలే. పాప పండుకున్న చాప అది. లేయమంటే లేయదు."

"నువ్వు ఆ పొద్దు ఏం చేసినావు పెద్దమ్మా?"

"మాత్ర నేనే ఏసినా. మింగలేకపాయె. నోట్లోనే ఉండె. నీళ్లు పోస్తే ముక్కులోంచి వచ్చె."

గీతాంజలి చూపు ఆమె మీద నిలిచింది. "ముక్కులోంచా?"

"ఆ. కండ్లు తెరువమ్మా అంటే తెరుచుకోడంలే జేజీ అనె. నిద్దర మత్తు అనుకుంటి." బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గీతాంజలి చేయి పట్టుకుంది. "నా కూతురు చంపింటుందా తల్లీ? నా కొడుకు అదే మాటంటాండాడు. నేను ఎవుర్ని నమ్మాల?"



*

రామాంజనేయులు డిగ్రీ లేని డాక్టరు. ఊళ్లో ఇరవై ఏళ్లుగా అతనే దిక్కు. పోలీసు జీపు చూడగానే షట్టర్ సగం దించాడు.

"నేను సూది ఏయలేదు మేడమ్. ముట్టుకోను గూడా లేదు. కావాలంటే అడగండి."

"ముట్టుకోలేదని తెలుసు. ఎందుకు ముట్టుకోలే?"

"మాత్రిచ్చి, ఎలీషా ఎంబడే పోతి. గడప కాడ నిలబడి చూస్తి. నిన్న టీకా ఏసినారంటిరి. టీకా కేసు నాకెందుకు? రేపు ఏమన్నా అయితే నేనిచ్చిన మాత్ర వల్లే అంటారు. ఆ టీకా ఏసినోళ్లనే అడగండప్పా అని వచ్చేస్తి."

"గడప దగ్గర నుంచి నీకేం కనపడింది?"

అతను నేల చూశాడు.

"రామాంజనేయులూ, నేను నీ మీద కేసు రాయడానికి రాలే. ఏం చూసినావో చెప్పు."

"రెప్పలు వాలిపోయిండె మేడమ్. నుదురు ముడిచి, తల వెనక్కి ఎత్తి చూస్తాండె. మాట ముద్దగా వస్తాండె, తాగిన మనిషి మాదిరి. ఆయాసం అప్పుడే మొదలైనట్టుండె."

"ఆసుపత్రికి తీసుకపొమ్మని చెప్పినావా?"

"చెప్పింటే బాగుండు."

జీపులో రమేశ్ అడిగాడు. "విషమేమో మేడమ్? ఎవరన్నా పెట్టి ఉంటారా?"

"అందరూ ఒకే అన్నం తిన్నారు. మిగతావాళ్లకు ఏం కాలేదు." గీతాంజలి వేళ్లు మడిచింది. "జ్వరం లేదు. మింగుడు పడలేదు. రెప్పలు లేవలేదు. మాట ముద్దయింది. ఈ నాలుగూ టీకాకు అతకవు. ఇంకొకటి తక్కువైంది. ఆ వీడియో కాల్‌లో ఏంజెల్ మాట్లాడింది. రూతు ఆ సంగతి నాకు చెప్పలేదు."

*

సాయంత్రం అయిదున్నర. స్టేషన్‌లో రూతు అదే కుర్చీలో, అదే చీరలో ఉంది.

"రూతమ్మా, ఆ పొద్దు నువ్వు ఏంజెల్‌తో మాట్లాడినావు. ఎందుకు దాచినావు?"

రూతు రెండు చేతులతో ముఖం మూసుకుంది.

"ఏం చెప్పాల మేడమ్? అది నాతో పరాచికాలాడె. నేను నవ్వితి. కడసారి చూసింది అదే."

"ఏం పరాచికం?"

"చెప్పలేను."

"చెప్పాల. ఒక్కో మాటా చెప్పాల."

రూతు చేతులు తీసింది. కళ్లు గోడ మీద ఎక్కడో నిలిచాయి.

"'అత్తా, నువ్వు ఇద్దరు కనపడతాండావు' అనె. 'ఒక్క అత్తతోనే ఏగలేక చస్తాంటే ఇంకొకామె యాడినుంచి వచ్చె' అనె. నేను నవ్వితి. 'నిద్దర మొహమా, మాత్రేసుకుని పండుకో, పొద్దు పొడవంగానే ఇద్దరం వస్తాం' అంటి."



"ఇద్దరుగా కనపడుతున్నావని అందా?"

"పరాచికం మేడమ్. అది ఎప్పుడూ అట్లే నన్ను..."

"గొంతు ఎట్లుండె?"

"ముక్కుతో మాట్లాడినట్టుండె. పడిశెం పట్టిందేమో అనుకుంటి."

గీతాంజలి అప్పటికే డాక్టర్ నంబర్ నొక్కింది.

"డాక్టర్, తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. జ్వరం లేదు. ఎదుటి మనిషి ఇద్దరుగా కనబడింది. రెప్పలు వాలాయి. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. మాట ముద్దయింది. ఆ తర్వాత ఆయాసం."



"ఆ పిల్ల ఎక్కడ పడుకుంది మేడమ్?"

"నేల మీద. చాప వేసుకుని."

"ఇంట్లో గింజలేమన్నా నిలవ ఉన్నాయా? ఎలుకలు తిరుగుతాయా?"

"శనగ బస్తాలున్నాయి."

"కట్లపాము," అన్నాడు డాక్టర్. "నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండదు. వాపు ఉండదు. దాని కోరలు ఎంత సన్నమంటే గాటు చాలాసార్లు కనబడదు. నేను వెతికాను, దొరకలేదు. విషం నరాలకు ఎక్కుతుంది. ముందు రెప్పలు, చూపు, మింగడం. చివరికి ఊపిరి. వానాకాలంలో ఎలుకల కోసం ఇళ్లలోకి వస్తుంది."

గీతాంజలి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

కల్పన ఆ చాప మీదే ఉంది.

ఎలీషా ఫోన్ మోగింది, ఎత్తలేదు. బాలమ్మకు ఫోన్ లేదు. ఆళ్లగడ్డ నుంచి ఊరి దాకా దారంతా గుంతలు. రమేశ్ జీపును ఎగిరించుకుంటూ పోయాడు. కొండ వెనకాల పొద్దు కుంకుతోంది. ఊళ్లో కరెంటు లేదు.

గీతాంజలి టార్చి వేసుకుని నేరుగా లోపలికి పోయింది. కల్పన అదే వైపు తిరిగి, అలాగే ఉంది. ఒక చేయి చాప దాటి బస్తాల సందులోకి చాచి ఉంది.

గీతాంజలి ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసింది. వెచ్చగా ఉంది. కదిలింది.

"లేయి తల్లీ. ఈడ పండుకోవద్దు."

కల్పన లేవలేదు. చాప అంచు గట్టిగా పట్టుకుంది. గీతాంజలి ఆమెను చాపతో సహా ఎత్తుకున్నంత పని చేసి వాకిట్లోకి తెచ్చింది. ఎలీషా ఏందీ, ఏందని వెంట పరుగెత్తాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదామె. ముందు కల్పన కాళ్లూ చేతులూ టార్చి వెలుగులో వెతికింది. రెప్పలు ఎత్తించింది. నీళ్లు తాగించింది. మింగింది. అయినా 108 పిలిపించి, ఎలీషాను తోడిచ్చి నంద్యాలకు పంపింది. తెల్లవార్లూ పరీక్షలో ఉంచి, ఏమీ లేదని పంపించారు డాక్టర్లు.

*

పొద్దున అటవీశాఖ మనిషి వచ్చి శనగ బస్తాలు ఒక్కొక్కటే బయట పెట్టించాడు. గోడ మూల నాపరాయి కదిలి ఉంది. కింద ఎలుక బొక్క. కొక్కెంతో బండ ఎత్తాడు.

చేయంత పొడవుంది. నల్లగా నిగనిగలాడుతోంది. ఒంటి మీద సన్నటి తెల్లటి కట్లు. వెలుతురు చూసి చుట్ట చుట్టుకుని తల లోపల దాచుకుంది.

ఎలీషా కట్టె ఎత్తాడు. ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. ఆ మనిషి పామును సంచిలోకి దించి మూతి కట్టాడు.

వాకిట్లో ఎలీషా, కల్పన, బాలమ్మ, రామాంజనేయులు. డాక్టర్ ప్రేమ్ సాగర్ నంద్యాల నుంచి వచ్చాడు. రమేశ్ జీపులోంచి రూతును దింపాడు. గోడల మీద నుంచి, వాకిళ్ల నుంచి ఊరు చూస్తోంది.

"ఏంజెల్‌ను టీకా చంపలేదు," అంది గీతాంజలి. ఊరికి వినబడేలా చెప్పింది. "అదే సీసాలోంచి వేయించుకున్న తొమ్మిది మందీ బాగున్నారు. అలర్జీ అయితే బడిలోనే, ఆ అరగంటలోనో కాసేపటికో తెలిసిపోయేది. టీకాకు జ్వరం వస్తుంది. ఏంజెల్‌కు జ్వరం లేదు. టీకాకు చెయ్యి నొస్తుంది. చూపు రెండు కాదు. రెప్పలు వాలవు. మింగుడు ఆగదు. అవి నరాలకెక్కిన విషం గుర్తులు."

డాక్టర్ తలూపాడు. "రక్తం ల్యాబ్‌కు పంపించాను. ఇప్పుడు దేనికోసం వెతకాలో వాళ్లకు తెలుసు." నెల తర్వాత వచ్చిన రిపోర్టూ ఆ మాటే చెప్పింది.

"గుర్తులన్నీ మీ కళ్ల ముందే ఉన్నాయి," అంది గీతాంజలి. "ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కనబడింది. నీళ్లు ముక్కులోంచి రావడం పెద్దమ్మ చూసింది. రెప్పలు రామాంజనేయులు చూశాడు. ఒళ్లు చల్లగా ఉందని ఎలీషాకు తెలుసు. ఇద్దరు కనబడుతున్నారని పాప రూతుకు చెప్పింది. అందరి నోటా టీకా అనే మాటే ఉండె. ఆ మాట దొరికినాక ఇంకొకటి వెతకాలని ఎవరికీ తోచలే."

ఎలీషా అక్క వైపు తిరిగాడు. చివరికి గీతాంజలితో అన్నాడు. "కేసు వెనక్కి తీసుకుంటా మేడమ్."

"నువ్వు తీసుకునే పనిలేదు. నేనే మూసేస్తా."

అప్పుడు కల్పన మాట్లాడింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి.

"లేచిన కాడికి లేచినట్టు ఆసుపత్రికి తీసుకపోయింటే బతికిండునా?"

గీతాంజలి డాక్టర్ వైపు చూసింది. ఆయన చూపు దించుకున్నాడు. నిన్న ఫోన్‌లో ఆమె అడిగింది కూడా ఇదే. ఆళ్లగడ్డలో విరుగుడు ఇంజెక్షన్ ఉంది, నంద్యాలలో వెంటిలేటర్ ఉంది, అలా వచ్చినవాళ్లు చాలామంది నడిచి ఇంటికి పోతారు అన్నాడాయన. అబద్ధం చెప్పడం తేలిక. ఈ ఒక్క తల్లికి అది మందు కూడా కావచ్చు. కానీ గోడల మీద నుంచి ఇంకా చాలామంది తల్లులు వింటున్నారు.

"బతికే అవకాశం ఎక్కువే ఉండె తల్లీ."

కల్పన తల ఆడించింది. ఆ మాట ముందే తెలిసినట్టు.

"మాకు తెలీదు," అంది. "మేము కూలోళ్లం. నీకు తెలీకపాయెనా వదినా?"

రూతు ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"రెప్పలు వాలింది నేను గూడా చూసినా కల్పనా. వేరేవాళ్ల పిల్ల అయింటే అన్నీ అడిగిందును. జరముందా, ఊపిరి బాగుందా, మింగతాందా అని. ఏదన్నా తేడా ఉంటే ఆటో ఎక్కమని అరిచిందును. మన పాపే కదా అని నవ్వితి. నన్ను చూసి మాట్లాడతాంటే ముద్దుగా ఉండె. ఏమీ అడగలే."

కల్పన ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. తన మోకాళ్ల మీద వాలబోయిన వదినె తలను రెండు చేతులతో పట్టుకుని ఆపింది. దగ్గరికి తీసుకోలేదు.

"రేపు పనికి పోతావా?"

"పోలేను."

"పో. పోయి ఏయి. పసిబిడ్డలుండారు, వాళ్లేం చేసినారు? ఎవురన్నా ఫోన్ చేస్తే మాత్రం అడుగు. కండ్లు తెరుస్తాందా అని అడుగు. నీళ్లు మింగతాందా అని అడుగు. నీకు తెలీకుంటే తెలీదని చెప్పి ఆసుపత్రికి పంపు. నవ్వొద్దు."

"సరే."

"మా ఇంటికి రావద్దు వదినా. ఇప్పుడే రావద్దు. నిన్ను చూస్తే నాకు ఆ ఫోన్‌లో మీరిద్దరూ నవ్విందే ఇనపడతాది. పాప నా ఒళ్లోనే ఉండె అప్పుడు."

రూతు లేచింది. రాళ్లు విసిరిన మనుషులే పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎవరి ముఖమూ చూడకుండా సబ్‌సెంటర్ వైపు నడిచింది. ఎలీషా రెండడుగులు వెంట పోయి, ఆగి, భార్య దగ్గరికి తిరిగి వచ్చాడు. కల్పనను పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. బండలు తీసిన మూల మట్టి ఇంకా తడిగా ఉంది. ఆ మూలకు వీపు పెట్టి ఆమె అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

గీతాంజలి జీపెక్కింది. రమేశ్ బండి తిప్పుతుంటే వెనక్కి చూసింది.

బాలమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. లోపల కొడుకు. దారి మలుపులో కూతురు. ముసలామె ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది. ఎటూ పోలేక, మెల్లగా, గడప మీదే కూర్చుంది.